ఇరవై ఆరు మందికి ఒక్క తాతయ్య

మాండలే,
జూలై 2

సయామా,

మా ఇంట్లో వాళ్ళు నాకు భయమంటే తెలియదనుకుంటున్నారు. ఇరవైమూడేళ్ళుగా ఒకే బల్ల చుట్టూ కూర్చుని అన్నం తింటున్నాం. అయినా నా ముఖం చదవడం వాళ్ళకి రాలేదు.

నిన్న పొద్దున పదింటికి వార్డు పెద్ద ఊ బా చిట్ ఇంటి జాబితా సరిచూస్తానని వచ్చాడు. వెనక ఇద్దరు తుపాకులవాళ్ళు, బూట్లు విప్పకుండానే గదిలోకి వచ్చేశారు. జాబితాలో నా పేరు మీద వేలు పెట్టి, "ఇరవైమూడు. పెళ్ళి కాలేదు. డిగ్రీ ఉంది. ఆడపిల్లల్ని సైన్యంలోకి పిలిచే రోజున ఇట్లాంటివాళ్ళే ముందు" అన్నాడు, బజార్లో చేప మొప్ప ఎత్తి చూపించినట్టు. నాకు నవ్వొచ్చింది. పెదవి చివర నవ్వు కాదు. పళ్ళన్నీ బయటపడే నవ్వు. ఆపుకోలేక గోడ వైపు తిరిగాను.

వాళ్ళు వెళ్ళాక అమ్మ మొదలెట్టింది: "ఏమే, వాళ్ళ చేతుల్లో ఉన్నవి చీపురుకట్టలనుకున్నావా? పళ్ళికిలిస్తున్నావు!"

"ఇంగ్లీషు నేర్చినప్పట్నుంచీ దీని కళ్ళు నెత్తికెక్కాయి," నాన్న.

జపమాల ఆపకుండానే అమ్మమ్మ అంది: "రాతిగుండె. వాళ్ళ తాత శవం దగ్గర కూడా నవ్వింది, మర్చిపోయారా?"

ఎవరూ మర్చిపోరు, సయామా. అదే నా బాధ. తాతయ్య నోరు తెరుచుకుని పడుకున్నాడు. అలాంటి నోరు నేను అంతకుముందు చూడలేదు. నాకు పదకొండేళ్ళు. భయపడి నవ్వాను.

ఏప్రిల్లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మై కాలేజీకి రాసిన అర్జీ ఫలించింది. సీటు ఇస్తారట, ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో తొమ్మిదికి ఆరున్నర వస్తే. పరీక్ష ఆగస్టు 31న. జేయా సార్ కోచింగ్‌లో చేరాను. ఆయన దగ్గర ప్రతి ప్రశ్నకీ ఒక జవాబుంది, మేమందరం దాన్నే బట్టీ పడతాం. 'నిన్ను ప్రోత్సహించిన మనిషి గురించి చెప్పు' అనే ప్రశ్న కార్డుకి జవాబు తాతయ్య. రైల్వేలో ఇంజనీరుగా రిటైరయ్యాడు, గులాబీలు పెంచుతాడు, చదరంగం ఆడతాడు. క్లాసులో ఇరవై ఆరు మందిమి. అందరికీ ఆయనే తాతయ్య. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన గులాబీలకి నీళ్ళు పోస్తుంటే మొక్కలు కుళ్ళిపోతాయేమోననిపిస్తుంది.

నా వంతు వచ్చినప్పుడు ఆ తాతయ్య నోట్లోంచి రాలేదు. "నాకొక సయామ ఉండేది, అంటే టీచర్" అని మొదలెట్టి ఆగిపోయాను. మీరు అధికారం లాక్కున్న సైన్యం బడిలో సంతకం పెట్టనని చెప్పి వెళ్ళిపోయి నాలుగేళ్ళు. మీ పేరు వాళ్ళ కాగితాల్లో ఉంది. పరీక్షలో బల్ల మీద రికార్డరు పెడతారట. అది తలచుకుంటేనే నవ్వొచ్చింది. "ఇది పరీక్షమ్మా, పెళ్ళిచూపులు కాదు" అన్నారు జేయా సార్. ఇరవై ఐదు మందీ నవ్వారు. వాళ్ళది మాత్రం మామూలు నవ్వే.

నేనేం చెప్పాలి?

జిన్ మిన్ ఎలా ఉన్నాడు? మా క్లాసులో మీ వెనకే నది దాటినవాడు వాడొక్కడే. మా వీధి మలుపులో వాళ్ళమ్మ డా ఎయ్ ఇంకా సొరకాయ బజ్జీలు వేస్తూనే ఉంది. నాకెప్పుడూ ఒకటి ఎక్కువ వేస్తుంది, ఎప్పటికైనా కబురు తెస్తానని.

ఈ ఉత్తరం ఊరవేసిన తేయాకు పొట్లం అడుగున పెడతానంది, నది దాటి తేయాకు అమ్ముకొచ్చే పు ఆంటీ. చెక్‌పోస్టుల్లో ఫోన్లు తెరిపించి చదువుతున్నారు గాని, ఆ ఆకులో ఎవరూ చెయ్యి పెట్టరట. నూనె మరకలుంటే తిట్టకండి.

మీ
యమోన్ థిరి


నది ఇవతల. ఊరి పేరు రాయను.
జూలై 19

అమ్మడూ,

ముందు తిట్లే. ఉత్తరం కింద పేరు రాస్తారా ఎవరైనా? అదీ పూర్తి పేరు, కింద గీత కూడా గీసి! ఇకమీదట నీ పేరూ వద్దు, నా పేరూ వద్దు. చదవగానే పొయ్యిలో పెట్టాను. నువ్వూ అదే చెయ్యి. తేయాకు మాత్రం వేయించిన వేరుశెనగలు కలుపుకుని అందరం తిన్నాం.

ఇక్కడ వానలు. బడి అంటే నాలుగు వెదురు గుంజలు, పైన నీలం టార్పాలిన్. సైన్యం విమానం చప్పుడు వినబడితే పాఠం ఆపి కందకంలోకి దిగుతాం. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి కందకంలో ఎక్కాలు చదువుతుంది. ఏడో ఎక్కం అయ్యేసరికి విమానం వెళ్ళిపోతుందని దాని నమ్మకం. అందుకని మా బడిలో అందరికీ ఏడో ఎక్కం నోటికొచ్చు, ఆరోది రాదు.

పరీక్ష సంగతి. తాతయ్య గురించే చెప్పు. గులాబీల వల్ల ఎవరికీ హాని లేదు. ఆ రికార్డరు ఎవరు వింటారో నాకు తెలియదు, నీకూ తెలియదు. బహుశా ఎవరూ వినరు. ఆ 'బహుశా' మీద నువ్వు కాలు పెట్టకు.

నువ్వు ఎందుకు నవ్వుతావో ఇంట్లో వాళ్ళకి అర్థం కాకపోతే పోనీ. నాకు తెలుసు. అది చాలదా?

జిన్ మిన్ బాగానే ఉన్నాడు. మనిషి సన్నబడ్డాడు. లెక్కల్లో తప్పులు మాత్రం తగ్గలేదు. వాళ్ళమ్మని కంగారు పడొద్దను.

నీ సయామ


మాండలే,
ఆగస్టు 6

సయామా,

తప్పు చేశాను. ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

మొన్న నాలుగో తారీఖు మీ పుట్టినరోజు. పరీక్ష దగ్గరపడుతోంది. పరీక్షకి ముందు గురువుకి మోకరిల్లకుండా ఎలా వెళ్ళను? కోచింగ్‌లో అందరం కొబ్బరికాయ, అరటిపళ్ళు పెట్టి జేయా సార్‌కి మొక్కాం. నుదురు నేలకి ఆనిస్తుంటే ఇంకొకరి సొమ్ము ఇంకొకరికి ఇస్తున్నట్టనిపించింది. అందుకని విహారంలో భిక్షువులకి చేపపులుసు సేమ్యా, మొహింగా, వండి పెట్టాను, ఆ పుణ్యం మీకు చెందాలని. భిక్షువులు విహారం కదలని వర్షావాసం కదా, జనం నిండుగా ఉన్నారు.

దానాలు రాసుకునే ముసలాయన కళ్ళజోడు సర్దుకుని, "ఎవరి పేరునమ్మా?" అన్నాడు.

ఎదురుగా పెద్ద భిక్షువు. అబద్ధం చెప్పనని అంతకుముందే శీలం పుచ్చుకుని కూర్చున్నాను. మీ పేరు చెప్పాను. పూర్తిగా.

అక్కడ మైకు ఉంటుందని నాకు తెలియదా? పుట్టినప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. ఎవరు ఏ దానం చేశారో, ఎవరి కోసం చేశారో ఆ లౌడ్‌స్పీకరు వార్డంతా చెబుతుంది. ఆ క్షణంలో తట్టలేదు, అంతే. తాటిచెట్టుకి కట్టిన స్పీకరు గొట్టంలోంచి మీ పేరు ఊరి మీద పడింది. "...మా వార్డు యమోన్ థిరి తన ఇంగ్లీషు గురువుగారి ఆయురారోగ్యాల కోసం..." జనం అలవాటుగా అందుకున్నారు: "సాధు! సాధు! సాధు!" మూడోసారికి కొన్ని గొంతులు తగ్గాయి. ఎవరి పేరో అప్పటికి అర్థమైనట్టుంది.

ఇంటికి వచ్చేసరికి నాన్న అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. తినడం లేదు.

మర్నాడు ఊ బా చిట్ వచ్చాడు. ఈసారి ఒక్కడే. చెప్పులు విప్పాడు. అమ్మ పెట్టిన టీ తాగాడు. తుపాకులతో వచ్చినప్పుడే నయం, సయామా.

"మీ టీచరమ్మ కులాసానా?"

"తెలీదండీ. చాలా ఏళ్ళయింది."

"తెలీని మనిషి ఆయుష్షు కోసం ఇంత మొహింగా వండుతామా, తల్లీ?"

నవ్వొచ్చేసింది. ఆయన కూడా నవ్వాడు, నా ముఖంలోకే చూస్తూ. "మీ అమ్మాయికి హుషారెక్కువ" అని నాన్నతో చెప్పి వెళ్ళాడు. ఆయన తాగిన కప్పు అమ్మ కడగలేదు, బయట పారేసింది.

ఇక ఇంట్లో తీర్మానం అయిపోయింది. పెళ్ళయిన ఆడదాన్ని సైన్యంలోకి పిలవరు కదా, నాకు పెళ్ళి. నాన్న స్నేహితుడి కొడుకు కో సిథు, మోటారు సైకిలు విడిభాగాల కొట్టు. వర్షావాసంలో పెళ్ళేమిటని అమ్మమ్మ చెవులు మూసుకుంటుందనుకున్నాను. ఆవిడే అంది: "పెళ్ళి కాదే, సంతకం. బుద్ధుడు కాగితాలు చూడడు." దాంతో నాకు నిజంగా భయమేసింది. వర్షావాసంలో కొత్త లుంగీ కూడా కట్టని మనిషి.

కో సిథు వచ్చి కూర్చున్నాడు. మంచివాడే. చేతి గోళ్ళలో గ్రీజు, తోముకుని తోముకుని వేళ్ళు ఎర్రబడ్డాయి.

"నన్ను చేసుకుంటే నువ్వు తప్పించుకుంటావు," అన్నాడు. "నేను మాత్రం తప్పించుకోను. పెళ్ళయినా మగవాళ్ళని వదలరు."

"మరి మీకేంటి లాభం?"

"పిలుపొస్తే ఏడవడానికి మా అమ్మ పక్కన ఇంకొకరుంటారు కదా."

మా ఇద్దరికీ నవ్వొచ్చింది. తలుపు సందులోంచి అమ్మ చూసి, జత కుదిరిందని సంతోషపడింది. నన్ను ఇంట్లో ఎలా చదువుతారో చూశారా?

లాయరు దగ్గర సంతకం సెప్టెంబరు 13, శుక్రవారం. జ్యోతిష్యుడే ఆ రోజు తీసిచ్చాడు. పరీక్ష ఆగస్టు 31న. మధ్యలో పదమూడు రోజులు. ఒక్క మాట చెప్పండి. పదో తరగతిలో చెప్పినట్టు చెప్పండి. మీరు వెళ్ళమంటే వెళ్తాను.

జిన్ మిన్ బాగున్నాడని డా ఎయ్‌కి చెప్పాను. మూకుడు దించి, మంట ఆర్పి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఒక పొట్లం నిండా బజ్జీలు కట్టి ఇచ్చింది.


నది ఇవతల,
ఆగస్టు 20

అమ్మడూ,

నా పేరు లౌడ్‌స్పీకర్లో వినిపించిందని చదవగానే ముందు సంతోషం వేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను. నాలుగేళ్ళయింది, నా పేరు ఎవరైనా గట్టిగా పలికి. ఇక్కడ నాకు వేరే పేరు. తర్వాత కందకంలోకి దిగి కూర్చున్నాను, విమానం లేకపోయినా.

సంతకం పెట్టు.

ఈ మాట నా చేతిరాతలో చూసి నువ్వు కాగితం తిప్పి చూస్తావు, నేనే రాశానా అని. నేనే రాశాను. ఆ అబ్బాయి మంచివాడంటున్నావు. ఇంట్లో ఉంటావు. అన్నం తింటావు. బతికి ఉంటావు. ఇంగ్లీషు ఎక్కడికీ పోదు.

నువ్వు అడిగిన ఒక్క మాట నేను ఇవ్వను. ఎందుకో చెప్పాలి.

కిందటి ఉత్తరంలో అబద్ధం రాశాను. జిన్ మిన్ లేడు. మే నెల్లో పోయాడు. జ్వరాల మందులు అవతలి పల్లెకి చేర్చాలి. వాగు దారిలో మందుపాతరలున్నాయని కొందరు, తీసేశారని కొందరు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, బోర్డు మీద లెక్క చేయడానికి వచ్చినట్టే, చేతులు వెనక్కి కట్టుకుని. "వెళ్ళనా, సయామా?" అన్నాడు. నేను నీకు చెప్పినట్టే వాడికీ చెప్పాను. "వెళ్ళు, మేం ఆగుతాం" అన్నాను. ఆగాం. రెండు రోజులు ఆగాం.

అప్పట్నుంచి ఏ పిల్లకీ, ఏ పిల్లవాడికీ వెళ్ళమని చెప్పలేదు. మొన్న ఒకడు జామచెట్టు ఎక్కనా అని అడిగితే వద్దన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

వాళ్ళమ్మకి ఎవరూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఆమెకి ఇంకో బిడ్డ లేడు. తెలియనంతకాలం వాడు ఆమెకి బతికే ఉంటాడు.

పరీక్షలో గులాబీల తాతయ్య గురించి చెప్పు. శుక్రవారం సంతకం పెట్టు. ఇక నాకు రాయకు. పు ఆంటీని కూడా రావద్దన్నాను.

సయామ


మాండలే,
సెప్టెంబరు 9

సయామా,

పు ఆంటీ మీ మాట వినలేదు. "ఉత్తరాల కోసం వెళ్తున్నానా ఏంటి, నా బేరం నాది" అంది.

మీ ఉత్తరం పరీక్షకి రెండు రోజుల ముందు అందింది. చదివి కాల్చాను. ఆ సాయంత్రం డా ఎయ్ కొట్టు ముందునుంచి వెళ్ళాల్సి వచ్చింది. "ఏమ్మా, మావాడికి చలికాలం స్వెట్టరు అల్లనా? చేతుల పొడవెంతో అడిగి చెప్పవూ" అంది. అడుగుతానన్నాను. నవ్వాను కూడా. నా నవ్వు చూసి ఆవిడ ధైర్యం తెచ్చుకుంది.

పరీక్ష ఒక హోటల్ రెండో అంతస్తులో. వరండాలో వరసగా కుర్చీలు. అందరి పెదవులూ కదులుతున్నాయి. పక్కనున్న అబ్బాయి గొంతులో గులాబీలు వినిపించాయి. ఆ తాతయ్యకి మాండలే అంతా మనవలే.

గదిలో ఒక నడివయసు ఆడమనిషి, ఏ దేశమో తెలియలేదు. బల్ల మీద రికార్డరు, ఎర్ర చుక్క వెలుగుతోంది. కార్డు తిప్పి నా ముందు పెట్టింది. 'నువ్వు భయపడిన పని చేయమని నిన్ను ప్రోత్సహించిన మనిషి గురించి చెప్పు.' వేరే ఏ కార్డైనా రావచ్చు. చూసిన సినిమా, వెళ్ళిన ఊరు. ఇదే వచ్చింది.

నవ్వొచ్చింది. ఆలోచించుకోవడానికిచ్చిన ఒక నిమిషమూ నవ్వుతోనే పోయింది. ఆవిడ గడియారం కూడా చూడలేదు. ఆగింది. దాంతో తాతయ్య జారిపోయాడు.

పదో తరగతి గురించి చెప్పాను. తనిఖీకి వచ్చిన పెద్దమనుషుల ముందు ఇంగ్లీషు పాఠం చదవమంటే వేదిక మీద నేను పడీపడీ నవ్వడం, హెడ్మాస్టరు లేవడం, ఒక టీచరు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టడం. "అది నవ్వు కాదు సార్, దానికి భయం అలా బయటికొస్తుంది" అనడం. నాతో, "అయ్యాక చదువు. మేం ఆగుతాం" అనడం. హాలంతా ఆగింది. నేను చదివాను. నన్ను ఒక్క మనిషైనా సరిగ్గా చదవడం అదే మొదలు అని చెప్పాను. పేరు చెప్పలేదు. బడి పేరు చెప్పలేదు.

రెండు నిమిషాలయ్యాక ఆవిడ మామూలుగా అడిగింది: "ఇప్పటికీ ఆమెని కలుస్తుంటారా?"

ఎర్ర చుక్క వైపు చూశాను. "లేదు. ఆమె చనిపోయారు" అన్నాను.

తడబడలేదు, సయామా. ఆ రోజు మొత్తంలో తడబడకుండా అన్న వాక్యం అదే. ఆవిడ కళ్ళు దించి, "అయ్యో" అంది. నేను థాంక్స్ చెప్పాను.

మెట్లు దిగుతూ లెక్క చూసుకున్నాను. మీరు పోయినవాణ్ణి బతికున్నాడన్నారు. నేను బతికున్న మిమ్మల్ని పోయారన్నాను. గురువుకి తగ్గ శిష్యురాలినే. ఇద్దరికీ మంచి కారణాలున్నాయి. ఈ వార్డులో అబద్ధం చెప్పే ప్రతివాడికీ మంచి కారణమే ఉంది. పెళ్ళి కాదు సంతకం అనే అమ్మమ్మకీ ఉంది, కులాసా అడిగే ఊ బా చిట్‌కి కూడా ఉండే ఉంటుంది. ఇంకో ఏడాది ఇక్కడుంటే నేను ఎవరినైనా చంపగలను, ఎవరినైనా బతికించగలను, ముఖం మారకుండా. సైన్యం పిలుపు కంటే నాకు దాంతోనే ఎక్కువ భయమేసింది.

మొన్న ఫలితం వచ్చింది. ఏడు. జేయా సార్ నా ఫొటో గోడకి అంటిస్తానన్నారు. వద్దన్నాను. "ఏ తాతయ్య అమ్మా కాపాడింది?" అని అడిగారు. ఆయన రాసిచ్చిన తాతయ్యే అని చెప్పాను. ఇంకొక అబద్ధం. చూశారా ఎంత తేలికో.

నిన్న కో సిథు కొట్టుకి వెళ్ళి, శుక్రవారం రానని చెప్పాను. చెయిన్‌కి నూనె రాస్తూ తలెత్తలేదు. "మా అమ్మకి ఏం చెప్పాలి?" అన్నాడు. నిజం చెప్పమన్నాను. "నీకేం, నువ్వు పోతావు" అన్నాడు. తర్వాత బస్టాండు దాకా తనే బండి మీద దింపుతానన్నాడు.

చియాంగ్‌మై విమానం ఎక్కనివ్వకుండా రంగూన్ ఎయిర్‌పోర్టులో ఆపొచ్చు. ఊ బా చిట్ జాబితా అక్కడిదాకా వెళ్ళిందో లేదో తెలియదు. తెల్లారి లేచేసరికి దవడలు నొప్పి, నిద్రలో నవ్వుతున్నానట. అమ్మ అమ్మమ్మతో అంటోంది: "పెళ్ళి ఘడియ దగ్గరపడింది కదా, పిల్లకి సంబరం."

ఈసారి నన్ను ఎవరూ ప్రోత్సహించలేదు. మీరు వద్దన్నారు. మీరు వద్దనడానికి ఉన్న కారణం నాకు తెలుసు, దాన్ని కాదనను. మీరు ఆగకపోయినా ఫరవాలేదు.

బుధవారం డా ఎయ్ మంట ఆర్పే వేళకి వెళ్ళి, జిన్ మిన్ ఎప్పుడు పోయాడో, ఎలా పోయాడో చెబుతాను. గురువారం పొద్దున రంగూన్ బస్సెక్కుతాను. శుక్రవారం సంతకం పెట్టను.

యమోన్ థిరి